శ్రమకు అర్థం చెప్పవలసినది ఎవరు? – భవానీపూర్ మిషన్ నుండి వెలువడిన ఒక తొలి వంగ కథాగ్రంథం

నేటి కోల్‌కతా నగరపు దక్షిణభాగంలో, కాళీఘాట్‌కు ఉత్తరదిశగా విస్తరించిన పేట భవానీపూర్. పందొమ్మిదవ శతాబ్ది మధ్యకాలంలో అది నగరానికి పొలిమేర. రాజధాని కచేరీలలో ఉద్యోగాలు చేసే మధ్యతరగతి కుటుంబాలు, వకీళ్ళు, పత్రికా రచయితలు అక్కడ నివాసాలు ఏర్పరచుకొన్నారు. ‘హిందూ పేట్రియట్’ పత్రిక సంపాదకుడు హరిశ్చంద్ర ముఖర్జీ అక్కడివాడే. బ్రాహ్మసమాజ శాఖ అక్కడ పనిచేసింది. లండన్ మిషనరీ సొసైటీ తన పాఠశాలను, ప్రార్థనామందిరాన్ని అక్కడనే నెలకొల్పింది. ఇన్ని భావధారలు ఒకే పేటలో ప్రక్కప్రక్కన సాగిన ఆ రోజులలో, మిషన్ ఆవరణలో జీవించిన ఒక స్త్రీ వంగభాషలో ఒక కథాగ్రంథం రచించింది. ఆమె పేరు హానా కేథరిన్ మల్లెన్స్. గ్రంథం ‘ఫుల్మణి ఓ కరుణార్ బిబరణ్’. ప్రచురణ సంవత్సరం 1852.

వంగసాహిత్య చరిత్రలో ఈ గ్రంథం చాలాకాలంగా ఒకే ఒక ప్రశ్నకు బందీ అయింది: ఇది తొలి వంగ నవల అవునా, కాదా? ప్యారీచంద్ మిత్ర రచించిన ‘ఆలాలేర్ ఘరేర్ దులాల్’ 1858లో గ్రంథరూపం పొందింది. బంకించంద్రుని ‘దుర్గేశనందిని’ 1865 నాటిది. కాలక్రమాన్ని మాత్రమే పరిగణిస్తే శ్రీమతి మల్లెన్స్ రచన వీటికి ముందున్నది. అయితే ఇది ఆనాటి ఒక ఆంగ్ల మతబోధక కథను ఆధారం చేసికొన్నదని పరిశోధకులు చూపిన తరువాత, స్వతంత్ర రచనగా దీనికి అగ్రస్థానం ఇవ్వడానికి అనేకులు అంగీకరించలేదు. తెలుగు పాఠకులకు ఈ వివాదం కొత్తది కాదు. కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’ విషయంలోనూ గోల్డ్‌స్మిత్ రచించిన ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’ ప్రస్తావన రాక మానదు. అది కూడా కష్టాలపాలైన ఒక క్రైస్తవ మతాచార్యుని కథయే కావడం గమనార్హం. రెండు భాషలలోనూ తొలినాటి వచన కథాప్రక్రియ, మనిషికి కష్టం ఎందుకు వస్తుంది, వచ్చిన కష్టాన్ని అతడు ఏమి చేసికొంటాడు అనే ప్రశ్నను క్రైస్తవ గ్రంథాల నుండి అందుకొన్నది. ఏది ముందు, ఏది వెనుక అన్న లెక్కకంటె ఈ ప్రశ్న పెద్దది. ‘ఫుల్మణి’ని ఈ దృష్టితో చదివినప్పుడు దాని బలమూ, బలహీనతా రెండూ స్పష్టమవుతాయి.

గ్రంథకర్త్రి

హానా కేథరిన్ 1826లో కలకత్తాలో జన్మించింది. తండ్రి అల్ఫాన్స్ ఫ్రాన్స్వా లాక్రోయి స్విట్జర్లండ్ దేశీయుడు. 1821లో చించురాకు మిషనరీగా వచ్చి, తరువాత లండన్ మిషనరీ సొసైటీలో చేరాడు. వంగభాషలో ఆయన చేసిన ప్రసంగాలు ఆనాడు ప్రసిద్ధి పొందాయి. కుమార్తెకు వంగభాష గ్రంథాల ద్వారా అబ్బినది కాదు. ఇంటి చుట్టూ వినిపించిన మాట అది. పన్నెండేళ్ళు నిండే నాటికే ఆమె బాలికలకు వంగభాషలో పాఠాలు చెప్పేదని జీవితచరిత్రకారులు వ్రాశారు. 1845లో జోసెఫ్ మల్లెన్స్‌తో ఆమె వివాహం జరిగింది. అంతఃపురాలు దాటి రాని స్త్రీలకు ఇంటివద్దనే చదువు చెప్పే ‘జెనానా’ విద్యకు ఆద్యులలో ఆమె ఒకతె. ఆమె చేతిలోని అల్లికపనిని చూచి ముచ్చటపడిన ఒక వంగ గృహస్థు, తన భార్యకు ఆ పని నేర్పమని కోరడంతో మూసిన తలుపులు తెరుచుకొన్నాయన్న ఉదంతం మిషన్ చరిత్రలలో తరచుగా కనిపిస్తుంది. 1861 నవంబరులో, ముప్పది అయిదేళ్ళ వయస్సులో, మరొక పుస్తక రచనలో నిమగ్నమై ఉండగానే ఆమె మరణించింది.

ఈ వివరాలు కేవలం పరిచయం కోసం కావు. స్త్రీల ఇళ్ళలోనికి వెళ్ళి, వారి మాట విని, వారి భాషలో వ్రాసిన రచయిత్రి ఆమె. పండితుల సంస్కృతభూయిష్ఠ వచనం ప్రబలంగా ఉన్న కాలంలో ఆమె వంగవచనం తేటగా, సంభాషణకు దగ్గరగా నడిచింది. గ్రంథం ఎవరికోసమో శీర్షికలోనే సూచించింది: స్త్రీల శిక్షణ కొరకు. కలకత్తా క్రిస్టియన్ ట్రాక్ట్ అండ్ బుక్ సొసైటీ దీనిని ప్రచురించింది. తరువాత ఇది పలు భారతీయ భాషలలోకి వెళ్ళింది. 1858లో కొట్టాయంలో అచ్చయిన మలయాళ అనువాదం ఆ భాషలోని తొలి కథాగ్రంథాలలో ఒకటిగా పేరొందింది.

రెండు ఇళ్ళు

కథ నిరాడంబరమైనది. మొఫసిల్ ప్రాంతంలో ఉంటున్న ఒక ఐరోపా అధికారి భార్య దీనిని చెప్పుతుంది. దేశీయ క్రైస్తవులు నివసించే పల్లెకు ఆమె వెళ్ళినప్పుడు రెండు ఇళ్ళు కనిపిస్తాయి. ఒకటి ఫుల్మణిది. అలికిన వాకిలి, పూలమొక్కలు, చదువుకొనే పిల్లలు, ప్రార్థన. రెండవది కరుణది. చెత్త పేరుకొన్న ఇల్లు, త్రాగుబోతు భర్త, దారితప్పిన కొడుకు, నోటివెంట ఎప్పుడూ ఫిర్యాదు. ఇద్దరూ పేరుకు క్రైస్తవులే. ఒకరికి విశ్వాసం జీవితంలోనికి దిగింది. మరొకరికి దిగలేదు.

ఫుల్మణి సంపన్నురాలు కాదు. ఆమె ఇంటికీ కష్టాలు వస్తాయి. వచ్చిన ప్రతి కష్టాన్నీ ఆమె దేవుని చేతినుండి వచ్చిన పాఠంగా స్వీకరిస్తుంది. కరుణ మాత్రం తన దుఃస్థితికి భర్తను, అదృష్టాన్ని నిందిస్తూ కూర్చుంటుంది. కథ చెప్పే దొరసాని ఎన్నోమార్లు ఆమెకు బోధిస్తుంది. ఆ బోధలలో ఇల్లు ఊడ్వడం, పిల్లల బట్టలు ఉతకడం, బైబిలు చదవడం, భర్తతో మృదువుగా మాట్లాడడం అన్నీ ఒకే స్వరంలో కలిసిపోతాయి. కరుణ వింటుంది. కొంత మారినట్లు కనిపిస్తుంది. మళ్ళీ మొదటికి వస్తుంది. చివరకు పెద్దకొడుకు వంశీ ఆకస్మిక మరణం ఆమెను కదిలిస్తుంది. అక్కడినుండి ఆమె నిజంగా మారుతుంది. ఆ మార్పు క్రమంగా ఆమె భర్తను కూడా తాకుతుంది.

కథానిర్మాణంలో ఒక విశేషం ఇక్కడ ఉంది. రచయిత్రి ఉద్దేశించిన ఆదర్శం ఫుల్మణి. పాఠకుని మనస్సులో నిలిచేది కరుణ. ఫుల్మణి మొదటి పుటలో ఎలా ఉన్నదో చివరి పుటలోనూ అలాగే ఉంటుంది. ఆమె విశ్వాసం అప్పటికే పూర్తి అయినది. కరుణకు మాత్రమే నడవవలసిన దూరం ఉంది. పేరులోనే జాలిని మోస్తున్న ఈ స్త్రీ, జాలి పొందుతున్నంతకాలం మారలేదు. తన శోకాన్ని తాను చూచుకొన్న రోజున మారింది. పుటలకొద్దీ సాగిన ఉపదేశం చేయలేని పని ఒక తల్లి కడుపుకోత చేసింది. ఉపదేశం కోసమే వ్రాసిన గ్రంథం, ఉపదేశపు పరిమితిని తనకు తెలియకుండానే చెప్పింది.

యోబు మిత్రులు

కష్టానికి ఆధ్యాత్మిక ప్రయోజనం ఉన్నదన్న భావన క్రైస్తవ చింతనలో కేంద్రస్థానం పొందింది. సిలువయే దానికి మూలం. నిరపరాధి అనుభవించిన బాధ లోకరక్షణకు సాధనమైందని నమ్మే మతంలో, బాధ కేవలం వ్యర్థమని చెప్పడం సాధ్యం కాదు. పౌలు తన లేఖలలో శ్రమలనుండి ఓర్పు, ఓర్పునుండి స్థైర్యం, దానినుండి ఆశ కలిగే క్రమాన్ని వివరించాడు. కాని ఆ లేఖలు వ్రాసినవాడు దెబ్బలు తిన్నవాడు, చెరసాలలో ఉన్నవాడు. ఆ మాటకు అధికారం ఆ అనుభవం నుండి వచ్చింది.

ఇదే మాటను ఒడ్డున నిలిచినవాడు నీటిలో మునుగుతున్నవానికి చెబితే ఏమవుతుంది? బైబిలులోని యోబు గ్రంథం ఈ ప్రశ్నను ఎంతో సాహసంతో ఎదుర్కొన్నది. ఆస్తిని, సంతానాన్ని, ఆరోగ్యాన్ని కోల్పోయి బూడిదలో కూర్చున్న యోబు వద్దకు మిత్రులు వస్తారు. ఏడు రోజులు మౌనంగా అతనితో కూర్చుంటారు. అంతవరకు వారు మంచి మిత్రులు. నోరు విప్పి అతని కష్టానికి కారణాలు వివరించడం ప్రారంభించినప్పటినుండి వారు అతనికి భారమవుతారు. చివరకు దేవుడు మందలించినది ఆక్రోశించిన యోబును నిజం పలుకనివాడని కాదు. దేవుని పక్షాన వాదించామనుకొన్న మిత్రులనే ఆయన ఆ తప్పుకు బాధ్యులను చేశాడు.

‘ఫుల్మణి’లోని దొరసాని స్వభావతః దయగలది. ఆమె సహాయం కపటం కాదు. మందు తెస్తుంది, పిల్లలకు పని చూపుతుంది, రోగుల ప్రక్కన కూర్చుంటుంది. కాని ఆమె కరుణ ఇంటికి వచ్చేది తన ఇంటినుండి. తిరిగి వెళ్ళేది తన ఇంటికి. త్రాగివచ్చిన భర్తతో రాత్రి గడపవలసినది కరుణ. కొడుకు మరణాన్ని తల్లికి మేల్కొలుపుగా కథ చూపినప్పుడు నేటి పాఠకునికి కలిగే ఇబ్బంది ఇక్కడిదే. ఆ మాట కరుణ తనంతట తాను అనుకొంటే అది ఆమె ప్రాణానికి ఆధారం. మరొకరు ఆమెకు చెబితే అది తీర్పు. గ్రంథం ఈ రెండింటి మధ్య ఊగిసలాడుతుంది. కరుణ స్వయంగా మాట్లాడిన చోట్ల గ్రంథం జీవిస్తుంది. దొరసాని ఆ మాటలను పాఠంగా మార్చిన చోట్ల కుంటుపడుతుంది.

రచయిత్రి మరణించిన సంవత్సరం

శ్రీమతి మల్లెన్స్ మరణించిన 1861వ సంవత్సరం వంగదేశ చరిత్రలో మరొక కారణంచేత కూడా స్మరణీయం. నీలిమందు తోటల యజమానుల దౌర్జన్యానికి వ్యతిరేకంగా రైతులు 1859–60లో తిరగబడ్డారు. భవానీపూర్‌లోని హరిశ్చంద్ర ముఖర్జీ తన పత్రికను వారి పక్షాన నిలిపాడు. పల్లెలనుండి వచ్చిన రైతులకు ఆయన ఇల్లే ఆశ్రయమైంది. అహోరాత్రాల శ్రమతో ఆరోగ్యం చెడి 1861 జూన్‌లో ఆయన కన్నుమూశాడు. మరుసటి నెలలోనే, చర్చ్ మిషనరీ సొసైటీకి చెందిన జేమ్స్ లాంగ్, దీనబంధు మిత్ర ‘నీల్ దర్పణ్’ నాటకానికి ఆంగ్లానువాదాన్ని ప్రచురించిన నేరానికి ఒక నెల జైలుశిక్షకు, వేయి రూపాయల జరిమానాకు గురయ్యాడు. ఆ జరిమానాను కాళీప్రసన్న సింహ చెల్లించాడు.

లాంగ్ కూడా మిషనరీయే. శ్రమకు ప్రయోజనం ఉన్నదని నమ్మినవాడే. కాని నీలిరైతుల శ్రమకు కారణం దైవసంకల్పం కాదనీ, కొందరు మనుషుల లోభమనీ ఆయన గుర్తించాడు. కనుక రైతులకు ఓర్పును బోధించడంతో ఆగక వారి మాటను ఏలినవారికి వినిపించాడు. ఫలితంగా కష్టం ఆయన మీదకూ వచ్చింది. ‘ఫుల్మణి’ గ్రంథంలో లోపించిన దృష్టి ఇదే. కరుణ దారిద్ర్యానికి ఆమె సోమరితనం, భర్త త్రాగుడు తప్ప మరే కారణమూ ఆ కథలో కనబడదు. కూలి ఎంత, పన్ను ఎంత, అప్పు ఎవరివద్ద అన్న ప్రశ్నలు ఆ పల్లె పొలిమేర దాటి లోపలికి రావు. హృదయాన్ని శోధించిన రచయిత్రి లోకాన్ని శోధించలేదు. ఆమె చూపు మేరకు మాత్రం ఆమె నిజాయితీగానే చూచింది.

తెలుగులో ‘శ్రమ’

ఇదే ప్రశ్న తెలుగునేలకు వేరొక మార్గంలో చేరింది. ఆ మార్గంలోనూ వంగదేశం ఉన్నది. భవానీపూర్‌లో పనిచేసిన లండన్ మిషనరీ సొసైటీయే 1805లో విశాఖపట్నంలో తన కేంద్రాన్ని ప్రారంభించింది. అక్కడ సిద్ధమైన తెలుగు సువార్తలు 1812లో హుగ్లీ తీరంలోని శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. అదే సంవత్సరం శ్రీరాంపూర్ ముద్రణాలయం అగ్నికి ఆహుతి అయింది. విలియం కేరీ దహనమైనవాటికోసం విలపించి ఊరుకోక మళ్ళీ పనికి పూనుకొన్నాడు. ఆయన తెలుగు వ్యాకరణం 1814లో వెలువడింది.

తెలుగు బైబిలులో బాధలకు స్థిరపడిన మాట ‘శ్రమ’. లోకవ్యవహారంలో శ్రమ అంటే పాటుపడడం, చెమటోడ్చడం. క్రైస్తవుల వ్యవహారంలో శ్రమలు అంటే కష్టాలు, హింసలు. క్రీస్తు సిలువకు ముందు అనుభవించిన యాతనను స్మరించే దినాలు శ్రమదినాలు. ఒకే మాటలో రెండు అర్థాలు ఇమిడి ఉన్నాయి. తెలుగు విశ్వాసి తన శ్రమలను తలచినప్పుడు, అతడు మీద పడినదానిని భరించడమే కాదు, దానితో ఒక పని చేస్తున్నాడన్న ధ్వని వినిపిస్తుంది.

ఆ ధ్వనికి గానరూపం ఇచ్చినవాడు పురుషోత్తమ చౌదరి. ఆయన 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో, వంగదేశంనుండి వచ్చి స్థిరపడిన బ్రాహ్మణ కుటుంబంలో జన్మించాడు. 1833లో కటకంలో బాప్తిస్మం పొందాడు. ఆ నిర్ణయానికి మూల్యంగా బంధువుల తిరస్కారాన్ని, కుటుంబ వియోగాన్ని అనుభవించాడు. శ్రీకాకుళ ప్రాంతంలో దీర్ఘకాలం పనిచేసి 1890లో మరణించాడు. రాగతాళాలతో, పల్లవి చరణాలతో ఆయన రచించిన కీర్తనలు నూటికి పైబడినవి. శాఖాభేదం లేకుండా తెలుగు క్రైస్తవ సంఘాలన్నీ వాటిని నేటికీ పాడుకొంటున్నాయి.

‘ఫుల్మణి’కీ ఈ కీర్తనలకూ గల తారతమ్యం గద్యపద్య భేదం మాత్రమే కాదు. కీర్తనలో దొరసాని లేదు. మాట్లాడేది ‘నేను’. తన పాపం, తన భయం, తన ఒంటరితనం తానే చెప్పుకొని, ఆశ్రయం తానే అడుగుతాడు. గోలకొండ చెరలో భద్రాచల రామదాసు రాముణ్ణి వేడుకొన్నాడు, నిలదీశాడు, కటువుగా మాటలాడి మళ్ళీ క్షమించమన్నాడు. దైవంతో ఇటువంటి చనువు తెలుగు భక్తికి సహజం. చౌదరి ఆ సంప్రదాయపు గొంతుకను క్రైస్తవ విశ్వాసానికి ఇచ్చాడు. అందువలన వాటిని పాడే చదువురాని కూలివాడు సైతం మరొకరి ఉపదేశం వింటున్నట్లు భావించడు. పల్లవి ఎత్తుకొన్న క్షణంలో ఆ ‘నేను’ అతడే అవుతాడు. శ్రమకు అర్థం అతనికి ఎవరూ చెప్పలేదు. అతడే వెదుక్కొన్నాడు.

అయితే లాంగ్ లేవనెత్తిన రెండవ ప్రశ్న ఇక్కడ కూడా మిగిలింది. మనిషి కల్పించిన కష్టాన్ని దేవునికి విన్నవించి ఊరుకోవడం చాలునా? దీనికి తెలుగులో సమాధానం చెప్పినవాడు గుఱ్ఱం జాషువా. పేదరికం, కులమతభేదం తనకు ఇద్దరు గురువులనీ, మొదటిది సహనాన్ని, రెండవది ఎదిరించే శక్తిని ఇచ్చాయనీ ఆయన చెప్పుకొన్నాడు. శ్రమలన్నీ ఒకటి కావనీ, అవి నేర్పే పాఠాలూ ఒకటి కావనీ ఇంత క్లుప్తంగా చెప్పినవారు అరుదు. 1941 నాటి ‘గబ్బిలం’లో అస్పృశ్యుని మొర కాశీ విశ్వనాథుని వద్దకు పంపిన కవియే ‘క్రీస్తు చరిత్ర’నూ రచించాడు. ఆ కావ్యానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. ఒకదానిలో అన్యాయాన్ని ప్రశ్నించిన మనిషి, మరొకదానిలో అన్యాయానికి బలియైన దేవుడు. ఈ రెండు కావ్యాలను ప్రక్కప్రక్కన ఉంచి చదివినవారికి సహనమూ ప్రతిఘటనా పరస్పర విరుద్ధాలు కావని బోధపడుతుంది.

గ్రంథం విలువ

ఈ వెలుగులో ‘ఫుల్మణి ఓ కరుణార్ బిబరణ్’ను తూచినప్పుడు దానిని మతప్రచార పుస్తకమని త్రోసిపుచ్చడం గానీ, తొలి నవల అని కిరీటం పెట్టడం గానీ న్యాయం కాదు. పెద్దింటివారిని, రాజులను విడిచి పేద స్త్రీల వంటయింటి వాకిట కూర్చుని, వారి దుఃఖానికి ఏదో అర్థం ఉండితీరాలని నమ్మిన గ్రంథం అది. ఆ నమ్మకమే దాని గౌరవం. ఆ అర్థాన్ని వారికంటె ముందుగా తానే చెప్పివేయాలన్న తొందర దాని లోపం. ఆ తొందరనుండి తప్పించుకొన్న పాత్ర కరుణ ఒక్కతె. బోధకు లొంగక, శోకానికి లొంగి, ఆ శోకంలోనుండి తన కాళ్ళమీద తాను లేచిన ఆ స్త్రీ, తనను సృష్టించిన రచయిత్రి ఉద్దేశాన్ని మించి నిలిచింది.

నేడు భవానీపూర్ మహానగరపు నడిబొడ్డు. ఆ పేరు విన్నప్పుడు హరిశ్చంద్రుడు గుర్తుకు వస్తాడు, అశుతోష్ ముఖర్జీ గుర్తుకు వస్తాడు. అక్కడి మిషన్ ఆవరణలో పెరిగి, పొరుగు స్త్రీల భాషలో వ్రాసిన హానా మల్లెన్స్ అంతగా గుర్తుకు రాదు. ఆమె గ్రంథాన్ని తెలుగు కీర్తనల ప్రక్కన, జాషువా కావ్యాల ప్రక్కన ఉంచి చదివితే ఒక సత్యం తేటపడుతుంది. శ్రమలో ప్రయోజనం ఉన్నదని చెప్పే హక్కు మొదట శ్రమపడినవానిది. తక్కినవారి ధర్మం రెండు విధాలు: యోబు మిత్రులు తొలి ఏడు రోజులూ చేసినట్లు ప్రక్కన కూర్చోవడం; ఆ శ్రమ మనుషులు కల్పించినదైతే దానిని తొలగించడానికి పూనుకోవడం.